ఎవరో పేజీ తిప్పుతున్నారు

పరంజ్యోతి బతికే ఉన్నాడనడానికి కనకమహాలక్ష్మికి దొరికిన మొదటి ఆధారం సగం తిని వదిలేసిన జొన్నరొట్టె.

పాశమైలారం వెనకాల ఎప్పుడో మూతపడిన రంగుల ఫ్యాక్టరీ అది. వాచ్‌మన్ గదిలో ఓ నులకమంచం, మంచం కింద పాత దినపత్రిక, దాని మీద ఆ రొట్టె. అంతకు మించి ఏమీ లేదు. గది మాత్రం కడిగినట్టుంది. రోజూ మనుషులు తిరిగే ఇళ్ళలోనే నేల కడిగేవాళ్ళు తగ్గిపోతుంటే, మూతపడిన ఫ్యాక్టరీలో ఎవరికింత ఓపిక? మంచం కోళ్ళ దగ్గర తడి ఇంకా ఆరలేదు. తలుపుకు లోపలివైపు గొళ్ళెం తుప్పుపట్టి ఊడిపోయింది. బయటివైపు గొళ్ళేనికి బిగించిన మరలు తళతళ మెరుస్తున్నాయి.

సుకుమారి రొట్టెను చేతిలోకి తీసుకుంది.

"మా ఆయనే తిన్నారండీ. చూడండి, అంచులన్నీ తుంచి పక్కన పెట్టేశారు. కట్టుడు పళ్ళకి అంచులు నలగవు. మా ఇంట్లో అంచులన్నీ నేనే తింటాను."

"అంటే, తెచ్చిపెట్టినవాడికి ఆయన షుగరు సంగతి తెలుసు. తెలియనివాడైతే ఏ బిర్యానీ పొట్లమో పడేసి పోయేవాడు," అంది కనకమహాలక్ష్మి.

సుకుమారి భుజానికి ఒక సంచి వేలాడుతోంది. అందులో స్టీలు ఫ్లాస్కు, ఫ్లాస్కు నిండా ఐసు, ఐసు మధ్యలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఇన్సులిన్ సీసా. మొన్న సాయంత్రం భర్త కనిపించకుండా పోయినప్పటి నుంచి ఆ సంచి దింపలేదు. ఆయన ఎక్కడ దొరికితే అక్కడే సూది వేయాలని ఆవిడ పట్టుదల. దారిలో కనిపించిన సోడాబండి దగ్గరల్లా ఆటో ఆపించి ఐసు మార్చుకుంటోంది.

పరంజ్యోతి ఒక కెమికల్ కంపెనీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ వ్యర్థాలను ట్యాంకర్లలో తెచ్చి చెరువులో వదిలిందెవరో రేపు సంగారెడ్డి కోర్టులో ఆయన చెప్పాలి. ఆ పేరు ఇంతవరకు భార్యకు కూడా చెప్పలేదు. "నీకు తెలిస్తే నిద్ర పట్టదు," అన్నాడట. ఇప్పుడెలాగూ పట్టడం లేదు.

కనకమహాలక్ష్మి డిటెక్టివ్ ఏజెన్సీ మామూలుగా చేసేది పెళ్ళిసంబంధాల ఆరాలు. అబ్బాయికి జీతమెంత, తాగుడెంత, ఇంకెక్కడైనా ఇల్లుందా, ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా. ప్రాణం మీదికొచ్చిన కేసు ఆవిడకిదే మొదలు. ఆ మాట సుకుమారికి చెప్పలేదు.

"మనం ఇవాళ మూతపడ్డ షెడ్లు వెతుకుతామని ఎవరికి చెప్పారు?"

"ఎస్సైగారికి చెప్పాను. ఇంకా మా పక్కింటి త్రినాథరావు అన్నయ్యగారికి. పొద్దున్నే ఫోన్ చేసి ధైర్యం చెప్పారు పాపం."

ఇద్దరు. ఒకడంటే ఎవరికీ గిట్టదు. రెండోవాడిని అందరూ మెచ్చుకుంటారు. పెళ్ళిసంబంధాల అనుభవంలో కనకమహాలక్ష్మి నేర్చుకున్నది ఒకటే: అందరూ మెచ్చుకునే అబ్బాయి గురించే రెండోసారి ఆరా తీయాలి.

ఫోన్ తీసి ఎస్సై నరేష్‌కు చేసింది. "త్రినాథరావుగారి వాంగ్మూలం మీద సంతకం ఇంకా కాలేదన్నారు కదా. ఇప్పుడే పిలిపించండి. నేను వచ్చేదాకా కూర్చోబెట్టండి."

"నా స్టేషన్ నువ్వు నడుపుతున్నవా మేడం?"

"నడిపితే ఈపాటికి మనిషి దొరికేవాడు," అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ లెక్క ఒకటే. త్రినాథరావు కళ్ళ ముందుంటే పరంజ్యోతికి కొత్తగా ఏ హానీ చేయలేడు. లెక్క బాగానే ఉంది. అందులో ఒక్క తప్పుంది. అది బయటపడేసరికి చాలా ఆలస్యమైంది.

ఆటో ఎక్కబోతూ సుకుమారి ఆగింది. "లక్ష్మిగారూ, ఆయన బైబిలు వాక్యం చదువుకోకుండా ముద్ద ముట్టరు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నా చదివాకే గంజి తాగారు. రొట్టె తిన్నారంటే ఆ రీడరు ఆయన దగ్గరే ఉందన్నమాట."

"ఏ రీడరు?"

"పుస్తకాలు చదువుకునే పలకలాంటిది. మా జెఫ్రీ బాగుచేసి ఇచ్చాడు. ఇప్పుడు వాణ్ణే కదండీ లోపలేశారు!"

*

జెఫ్రీ సుకుమారికి మేనల్లుడు. రుద్రారం దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పరంజ్యోతిని ఆఖరిసారి వాడి బండి మీద చూశానని త్రినాథరావు చెప్పాడు. ఆ ఒక్క మాట మీద నరేష్ హాస్టల్‌కు వెళ్ళి వాణ్ణి, వాడి ల్యాప్‌టాప్‌ను, ఖాళీ ఈ-రీడర్ డబ్బాను పట్టుకొచ్చాడు.

కనకమహాలక్ష్మి స్టేషన్లో అడుగుపెట్టేసరికి నరేష్ ఆ డబ్బాను టేబుల్ మీద బోర్లించి చూపించాడు.

"గీ పోరడు మామూలోడు గాదు మేడం. కంపెనీ ఇచ్చిన సిస్టం మొత్తం పీకేసి వేరేది ఎక్కించిండట. వాడే ఒప్పుకున్నడు. దొంగబండికి నంబర్ ప్లేటు మార్చినట్టు గాదా ఇది?"

"ఇల్లు కొనుక్కుని, బిల్డర్ వేసిన రంగు నచ్చక వేరే రంగు వేయించుకుంటే ఏ సెక్షన్ కింద కేసు పెడతారు నరేష్‌గారూ?"

"గోడలకు రంగేస్తే సాక్ష్యం చెరిగిపోదు. పేషీల మీద పేషీలు, పైనుంచి ఫోన్లు. నేనే పరేషాన్ల ఉన్న. నీ సామెతలు వినే ఓపిక లేదు."

"సామెతలు కాదు, పది నిమిషాలు కావాలి. ఆ అబ్బాయితో మాట్లాడాలి."

ఆయన కాదనేలోపే గుమ్మంలోంచి నెమ్మదైన గొంతు వినిపించింది.

"చెల్లెమ్మా, ఏమన్నా తిన్నావా?"

త్రినాథరావు. తెల్ల చొక్కా, విభూతి రేఖ, చేతిలో వ్యాను తాళాలు. పరంజ్యోతీ ఆయనా గోదావరి జిల్లా నుంచి ఒకే రైలెక్కి ఈ ఉద్యోగాలకు వచ్చారు. ముప్పై ఏళ్ళుగా పక్క పక్క ఇళ్ళు. క్రిస్మస్ కేకు అటూ, వినాయకచవితి ఉండ్రాళ్ళు ఇటూ నడుస్తూనే ఉన్నాయి. సుకుమారి ఆయన్ని చూడగానే బావురుమంది.

"ఊరుకో తల్లీ. దొరుకుతాడు." ఆయన జేబులోంచి ఫోన్, చార్జరు తీశాడు. "నరేష్‌బాబూ, ఇక్కడ ప్లగ్గుందా? ఈ మాయదారి ఫోను పొద్దున నింపితే మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతోంది. ఆరిపోకుండా ఎక్కడికెళితే అక్కడ తగిలిస్తూ ఉండాలి. కొత్తది కొనుక్కో తాతయ్యా అని మా శ్రావ్య రోజూ పోరు."

నరేష్ టేబుల్ పక్కనున్న ప్లగ్గు చూపించాడు. ఫోన్ తగిలించి త్రినాథరావు బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన వ్యాను కనిపిస్తోంది. స్టేషన్ గోడకు ఆనించినట్టు వేపచెట్టు పక్కన పెట్టాడు. నీడ జరిగిపోయింది. ఎండ వ్యాను మీదే పడుతోంది. అద్దాలకు నల్ల ఫిల్ము. నల్ల ఫిల్ము పీకించడానికి నరేష్ కిందటి నెలంతా రోడ్డు మీద నిలబడ్డాడు. తన గోడ పక్కన ఉన్నది మాత్రం కనిపించినట్టు లేదు.

"సంతకం అయిపోతే వెళతాను బాబూ. ఎండలో బండి..." అన్నాడు త్రినాథరావు.

"కూర్చోండి బాబాయిగారూ. మీలాంటి పెద్దవాళ్ళు పక్కనుంటే సుకుమారిగారికి ధైర్యం," అంది కనకమహాలక్ష్మి, తియ్యగా.

ఆయన కూర్చున్నాడు. నుదుటి మీద విభూతి చెమటకు కరుగుతోంది.

*

జెఫ్రీని తెచ్చి టేబుల్ ముందు నిలబెట్టారు. సన్నగా ఉన్నాడు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అత్తయ్యను చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"కంపెనీ సిస్టం ఎందుకు తీసేశావు?" కనకమహాలక్ష్మి అడిగింది.

"తెలుగు సరిగ్గ రాదు మేడం దాంట్ల. వత్తులన్నీ ఊడి పక్కకు పడ్తయి. మామయ్య తప్పు తన కండ్లదే అనుకొని రెండుసార్లు అద్దాలు మార్పిచ్చుకున్నడు. కంపెనీకి మెయిల్ పెట్టిన. చూస్తమన్నరు. చూసుడు అయిపోలేదు."

"అయితే?"

"ఓపెన్ సోర్స్‌ది ఒకటుంటది. అందరు కలిసి రాసుకున్నది. ఎవరన్న చూడొచ్చు, మార్చుకోవచ్చు, పైస అడగరు. వెనక మూత పాత సిమ్ కార్డుతోని లేపిన. లోపల చిన్న మెమరీ కార్డు ఉంటది, సిస్టమంతా దాంట్లనే. ముందుగాల కాపీ తీసి పెట్టుకున్న. కొత్తది ఎక్కిస్తే మొదటిసారి స్క్రీన్ తెల్లగ అయి ఊకున్నది. మామయ్య దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు."

"ప్రార్థనతోని నడిచిందా?" నరేష్ వెటకారంగా అన్నాడు.

"లేదు సార్. కార్డు తప్పు దిక్కు పెట్టిన."

కనకమహాలక్ష్మి నవ్వు ఆపుకుంది. "ఇప్పుడు ఆ రీడరు ఏం చేస్తుంది?"

"ఆన్ చేస్తే పుస్తకం వస్తది. గంతే. దుకాణం, ప్రకటనలు, గుర్తులు అన్నీ తీసేసిన. మామయ్యకు ఏది నొక్కితే ఏమైతదో అని భయం. అందుకే నొక్కడానికేం లేకుండ చేసిన."

"వై-ఫై కూడా తీసేశావా?"

"లే. ఉంటది. గుర్తు కనబడదు అంతే."

బెంచీ మీద త్రినాథరావు కాళ్ళు కదిలాయి. కనకమహాలక్ష్మి అటు చూడలేదు. చెవులు మాత్రం చూశాయి.

"వై-ఫైతో ఏం పని దానికి?"

"మామయ్య చదివే పుస్తకం నా ల్యాప్‌టాప్‌ల గుడ ఉంటది. ఆయన ఎంతవరకు చదివిండో నేను కిరాయికి తీసుకున్న చిన్న సర్వర్‌కు చేరుతది. పేజీ తిప్పితే చాలు. చార్జింగ్ ఎంత ఉన్నది, ఏ వై-ఫై మీద ఉన్నది, అవి గుడ పంపెటట్టు నేనే రాసిన. చార్జింగ్ పెట్టుడు మర్చిపోయి, నీ సిస్టం పాడైందిరా అని ఆయన నన్నే తిడ్తడు గదా, అందుకు. మామయ్యా, నువ్వు పేజీ తిప్పితే నాకిక్కడ తెలుస్తది అని చెప్పిన. దేవుడికి తెలిస్తే చాలదా, నీకూ తెలియాల్నా అన్నడు."



"ఇదంతా నిన్న ఎందుకు చెప్పలేదురా?" అంది సుకుమారి.

"చెప్పిన అత్తయ్యా. ల్యాప్‌టాప్ ఇయ్యుండ్రి, మామయ్యను చూపిస్త అన్న. తప్పించుకునే ప్లాన్ అన్నరు."

కనకమహాలక్ష్మి నరేష్ వైపు తిరిగింది. "ల్యాప్‌టాప్ తీయించండి."

"సీలు వేసినం. ల్యాబుకు పోవాలె."

"వేరే కంప్యూటర్ మీద చూడొచ్చా జెఫ్రీ?"

"కాదు మేడం. సర్వర్ తాళంచెవి ఆ ల్యాప్‌టాప్‌లనే ఉన్నది."

"సీలు తీస్తే నా కొలువు పోతది," అన్నాడు నరేష్. "వీడు ఒక్క బటన్ నొక్కి అంతా చెరిపేస్తే? కోర్టుల నువ్వొచ్చి జవాబు చెప్తవా?"

"చెప్తాను. మీరు మాత్రం ఈవిడకు చెప్పాల్సి వస్తుంది, మనిషి ఎక్కడున్నాడో తెలుసుకునే వీలుండీ ఎందుకు చూడలేదో. ఆ జవాబు ఏ లాయరూ రాసివ్వడు."

"బెదిరిస్తున్నవా?"

"బతిమాలుతున్నాను. నా బతిమాలుడు ఇలాగే ఉంటుంది. మా ఆయన్ని అడగండి."

నరేష్ లేచి నిలబడ్డాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఎవరి మాట ఎవరికీ వినిపించని స్థితికి వచ్చేసరికి టేబుల్ మీద ఏదో ఠంగుమంది.

స్టీలు ఫ్లాస్కు. సుకుమారి మూత తీసింది. లోపల ఐసు లేదు. నీళ్ళు. నీళ్ళలో తేలుతున్న ప్లాస్టిక్ కవరు.

"బాబూ, మీ అమ్మగారికి షుగరుందా?" అని అడిగింది.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. అదే ఆయన్ని పడగొట్టింది. కాసేపు ఫ్లాస్కులోకి చూసి, "పోచయ్యా," అని హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచాడు. "ల్యాప్‌టాప్ తే. సీలు తీసుడు ఫోన్ల వీడియో తియ్యి. ఈవిడ ముఖం గుడ వచ్చెటట్టు తియ్యి, రేపు పనికొస్తది."

త్రినాథరావు లేచాడు. "నేను టిఫిన్ పట్టుకొస్తా చెల్లెమ్మా. నువ్వు నీరసించిపోయావు."

"వాంగ్మూలం కాయితం తెస్తున్నరు. కూసోండ్రి పెద్దాయనా," అన్నాడు నరేష్, చిరాకుగా.

ఆయన సగం కూర్చున్నాడు.

*

జెఫ్రీ ల్యాప్‌టాప్ తెరిచాడు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తాయి. "గిదే, గిదే హ్యాకింగ్," అని పోచయ్య వీడియోలో వ్యాఖ్యానం చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"వచ్చింది!" జెఫ్రీ అరిచాడు. "మొన్న రాత్రి తిప్పిండు. నిన్న పొద్దుగాల. పగటీలి. మల్ల రాత్రి. ఇయ్యాల తెల్లారంగ గుడ. బతికే ఉన్నడు అత్తయ్యా!"

సుకుమారి కుర్చీ పట్టుకుని కిందికి జారిపోయింది. కనకమహాలక్ష్మి ఆవిడ భుజం పట్టుకుంటూనే తెర వంక చూసింది. భోజనం వేళ వేళకూ కొన్ని పేజీలు. మధ్యలో ఏమీ లేదు. ఆయన మిగతా వేళల్లో చదవలేదా? చదివినా కబురు అందలేదా?

"మధ్యలో ఎందుకు లేవు?"

"వై-ఫై దొరకలే. దొరికినప్పుడే పంపుతది. దానికి పాస్‌వర్డ్ తెలిసిన వై-ఫైలు నాలుగే. ఇల్లు, చర్చి, నా హాస్టల్..."

"నాలుగోది?"

జెఫ్రీ సమాధానం చెప్పబోయి ఆగిపోయాడు. తెర కింద కొత్త వరస పడింది. ఇంకొకటి. మరొకటి.

"ఇప్పుడే," అన్నాడు నోరు తెరిచి. "ఇప్పుడే తిప్పిండు. ముందుకు. మల్ల వెనక్కి. ముందుకు, వెనక్కి. మామయ్య ఎన్నడూ వెనక్కి తిప్పడు మేడం. చదివింది చదివినట్టే అంటడు. నాకు చెప్తున్నడు. నేను చూస్తనని గుర్తున్నది ఆయనకు!"

వరసలు పడుతున్నాయి. వాటి మధ్య ఎడం పెరుగుతోంది. ఒక్కో పేజీ తిప్పడానికి ఆయనకు చాలా సేపు పడుతోంది. చార్జింగ్ అంకె ఒకటొకటిగా తరుగుతోంది.

"ఏ వై-ఫై?" నరేష్ అరిచాడు. "జల్దీ చూడు!"

జెఫ్రీ తెరను పక్కకు జరిపాడు. ప్రతి వరస చివరా, మొన్న రాత్రి నుంచి ఇప్పటిదాకా, ఒకే పేరు.

శ్రావ్య తాతయ్య.

కనకమహాలక్ష్మికి ఒక్కసారిగా అంతా అర్థమైంది, రేపు కోర్టులో పరంజ్యోతి చెప్పబోయే పేరు ఎవరిదో కూడా. సిస్టం ఎక్కించిన రోజు కరెంటు పోయి ఉంటుంది. పక్కింటాయన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఉంటారు. హాట్‌స్పాట్ మధ్యలో ఆగిపోకుండా కుర్రాడు ఆ ఫోన్‌లో ఏదో సెట్టింగు మార్చి ఉంటాడు, తిరిగి మార్చడం మరిచి ఉంటాడు. అప్పటినుంచీ ఆ ఫోన్ పొద్దున నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. రొట్టె తీసుకుని ఆ ఫోన్ లోపలికి వెళ్ళినప్పుడల్లా రీడరుకు దారి దొరికింది. పరంజ్యోతి చేతిలో ఉన్నది ఉత్త పుస్తకమే కదా అని త్రినాథరావు వదిలేశాడు. వాక్యం చదవకపోతే ముసలాయన తినడు, తినకపోతే తన చేతుల్లో పోతాడని కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ స్నేహం మరి.

ఆ ఫోన్ ఇప్పుడు ఈ టేబుల్ పక్కనే ఉంది. ఆ రీడరు దీనికి ఇరవై అడుగుల్లో ఉంది.

షెడ్డు ఖాళీ చేసి ఆయన్ని ఇంకెక్కడికో తీసుకుపోతున్నవాణ్ణి దారిలో ఆపించి, ఇక్కడ కూర్చోబెట్టింది తనే. వ్యాను ఎండలో ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి.

నరేష్‌కు మాత్రమే అర్థమయ్యేలా చెప్పాలి. ఆవిడ పెన్ను తీసుకుంది. కాగితం మీద 'వ్యా' అని రాసేలోపే సుకుమారి లేచి తెర వైపు వంగింది. ఏడుపూ సంతోషమూ కలిసిన గొంతుతో, ఏ అనుమానమూ లేకుండా, గట్టిగా అనేసింది.

"అన్నయ్యగారూ, ఇది మన శ్రావ్య పేరు కదూ?"

బెంచీ ఖాళీగా ఉంది.

ప్లగ్గుకు చార్జరు తీగ వేలాడుతోంది. చివర ఫోన్ లేదు.

"వ్యాను!" కనకమహాలక్ష్మి అరిచింది. "ఆయన వ్యానులో ఉన్నాడు! గేటు వేయించండి!"

"ఎవరు? ఏ వ్యాను?" అంటూనే నరేష్ టేబుల్ దాటాడు. ఫ్లాస్కు బోర్లాపడింది. బయట ఇంజను ఒకసారి మొరాయించి అందుకుంది. జెఫ్రీ తెర వదల్లేదు. "ఇంకా తిప్పుతున్నడు, ఇంకా..." అన్నాడు. తెర మీద వరసలు ఆగిపోయాయి.

కనకమహాలక్ష్మి మెట్ల మీదికి వచ్చేసరికి వ్యాను గోడ పక్క నుంచి వెనక్కి జరిగి గేటు వైపు తిరిగింది. గేటు బార్లా తెరిచి ఉంది. పోచయ్య చేతిలో ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది. నరేష్ జీపు వైపు పరుగెత్తాడు. తాళాలు లోపల టేబుల్ సొరుగులో ఉన్నాయని గుర్తొచ్చి తిరిగాడు.

అందరికన్నా ముందు గేటు చేరింది సుకుమారి. ఆవిడ ఎప్పుడు పరుగెత్తిందో ఎవరూ చూడలేదు. తడిసిన ప్లాస్టిక్ కవరును రెండు చేతులతో గుండెకు అదుముకుని గేటు మధ్యలో నిలబడింది. వ్యాను ఆగలేదు. అద్దం వెనక త్రినాథరావు ముఖం కనిపించేంత దగ్గరికి వచ్చేసింది. ఆయన నోరు కదులుతోంది. పక్కకు తప్పుకో అనే అంటున్నట్టుంది.

హారన్ మోగింది. ఆగకుండా మోగింది.

చెల్లెమ్మ కదల్లేదు.